రెండోసారి నడిపితే ఏమవుతుంది: కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్‌తో రిమోట్ సర్వర్ అమరిక

సంక్షిప్తంగా: ఆన్సిబుల్, పప్పెట్, సాల్ట్ వంటి సాధనాలు సర్వర్ ఎలా ఉండాలో రాసిన వివరాన్ని చదివి, ఇప్పుడున్న స్థితితో పోల్చి, తేడా ఉన్నచోట మాత్రమే చేయిపెడతాయి. కొత్త రిమోట్ సర్వర్ దగ్గర ఎదురయ్యే చిక్కులు ఎక్కువగా రెండు కారణాలతో వస్తాయి. ఒకటి, రాసినది రెండోసారి నడపడానికి పనికిరాకపోవడం. రెండోది, సాధనం లోపలికి వెళ్లే దారిని ఆ సాధనంతోనే మార్చడం. ఈ వ్యాసంలో ఉదాహరణలు ప్రధానంగా ఆన్సిబుల్‌వి.

స్క్రిప్టుకూ దీనికీ తేడా ఎక్కడ

కొత్త సర్వర్ చేతికి రాగానే సాధారణంగా జరిగేది ఇదే: ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంలోని సర్వర్‌లోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) లోపలికి వెళ్లి ప్యాకేజీలు అప్‌డేట్ చేయడం, యూజర్‌ను సృష్టించడం, ఫైర్‌వాల్ పెట్టడం, నాలుగైదు ఫైళ్లు దిద్దడం. కొన్ని నెలలకు అలాంటిదే ఇంకో సర్వర్ కావాల్సి వస్తే, మొదటిదాంట్లో ఏమేం చేశారో ఎక్కడా రాసి ఉండదు. దాంతో ఆదేశాలన్నీ ఒక షెల్ స్క్రిప్టులోకి చేరతాయి. ఖాళీ సర్వర్ మీద ఆ స్క్రిప్టు బాగానే నడుస్తుంది. సగంలో ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడే దాని బండారం బయటపడుతుంది. యూజర్ ఇప్పటికే ఉన్నందున ఒక ఆదేశం ఎర్రర్ ఇస్తుంది. కాన్ఫిగ్ ఫైలు చివర అదే లైను ఇంకోసారి చేరుతుంది.

కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ సాధనంలో రాసేది ఆదేశం కాదు, ఫలితం. ‘ఈ పేరుతో యూజర్ ఉండాలి, ఈ గ్రూపులో ఉండాలి’ అని రాస్తే, ఆ పని చూసుకునే మాడ్యూల్ (ఒక్కో రకం పనికి ఉండే చిన్న ప్రోగ్రాం) ముందు సర్వర్‌ను పరిశీలిస్తుంది. అంతా సరిగ్గా ఉంటే ‘ఓకే’ అని వదిలేస్తుంది. లేకపోతే దిద్ది ‘ఛేంజ్‌డ్’ అని చెబుతుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే కావడాన్ని ఐడెంపొటెన్సీ అంటారు. మొదటి పరుగు తప్పుల్లేకుండా పూర్తయితే ప్లేబుక్ (ఆన్సిబుల్‌లో ఈ వివరం రాసే ఫైలు, అందులోని ఒక్కో అంశం ఒక టాస్క్) పని చేసిందని మాత్రమే తెలుస్తుంది. ఏ మార్పూ చేయకుండా వెంటనే నడిపిన రెండో పరుగులో ‘ఛేంజ్‌డ్’ లెక్క 0 వస్తేనే ప్లేబుక్ సరిగ్గా రాశారని తెలుస్తుంది. ఆన్సిబుల్ రోల్స్‌ను (తిరిగి వాడుకునేలా కట్టిన టాస్కుల మూటలను) పరీక్షించే మాలిక్యూల్‌లో ఇందుకు ప్రత్యేకంగా ఒక దశ ఉంది. రెండో పరుగులో ఏ టాస్క్ మార్పు చూపినా పరీక్ష తప్పినట్టే.

ఈ లక్షణం సాధనంతో దానంతటదే రాదు, మాడ్యూల్ రాసినవాళ్ల శ్రమతో వస్తుంది. కమాండ్, షెల్ అనే మాడ్యూళ్లు ఇచ్చిన ఆదేశాన్ని ఆలోచించకుండా నడిపేస్తాయి, ప్రతిసారీ మార్పు జరిగిందనే చెబుతాయి. అవి తప్పనిసరైతే ‘క్రియేట్స్’ కింద ఒక ఫైలు పేరివ్వాలి. ఆ ఫైలు ఇప్పటికే ఉంటే ఆదేశం నడవదు. లేదా ‘ఛేంజ్‌డ్_వెన్’ షరతుతో దేన్ని మార్పుగా లెక్కించాలో చెప్పాలి. పట్టుమని పది షెల్ టాస్కులున్న ప్లేబుక్ యామల్ (ప్లేబుక్‌లు రాసే ఫార్మాట్) వేషం వేసుకున్న పాత స్క్రిప్టే.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ప్లేబుక్‌లో రాయనిదాని గురించి సాధనానికి ఏమీ తెలియదు. ఒక ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసిన టాస్కును తర్వాత ఫైలు నుంచి చెరిపేస్తే సర్వర్‌లోని ప్యాకేజీ పోదు. ‘అబ్సెంట్’ అని రాసి ఒక్కసారైనా నడపాలి. ఎవరో చేత్తో తెరిచిన పోర్టూ, పరీక్ష కోసం పెట్టి మరిచిపోయిన క్రాన్ జాబూ (నిర్ణీత సమయానికి దానంతటదే నడిచే పని) అలాగే ఉండిపోతాయి. ‘ఛేంజ్‌డ్ 0’ వచ్చిందంటే రాసినంత మేరకు సరిగ్గా ఉందని అర్థం. అంతకు మించి హామీ లేదు. కంటెయినర్లు నడిపే డాకర్ దీనికి మంచి ఉదాహరణ. యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్ సాధనం) నియమాలన్నీ ప్లేబుక్ ప్రకారమే ఉన్నా, డాకర్ పబ్లిష్ చేసిన పోర్టు వాటిని దాటుకుని బయటికి తెరుచుకుంటుంది. డాకర్ లైనక్స్ ఫైర్‌వాల్ అడుగుపొర అయిన ఐపీటేబుల్స్‌లో తన నియమాలను తానే నేరుగా రాసుకోవడమే కారణం.

నెట్టే పద్ధతి, లాగే పద్ధతి

ఈ రంగంలో తొలి పేరు సీఎఫ్‌ఇంజిన్. మార్క్ బర్జెస్ 1993లో మొదలుపెట్టారు. తర్వాత 2005లో ల్యూక్ కానీస్ పప్పెట్, 2009లో ఆడమ్ జేకబ్ బృందం షెఫ్, 2011లో థామస్ హ్యాచ్ సాల్ట్, 2012లో మైకేల్ డీహాన్ ఆన్సిబుల్ తెచ్చారు.

పప్పెట్, షెఫ్ లాగే పద్ధతివి. ప్రతి సర్వర్‌లోనూ ఒక ఏజెంట్ ఉంటుంది. డిఫాల్ట్‌గా 30 నిమిషాలకోసారి కేంద్ర సర్వర్‌ను అడిగి తన కాన్ఫిగరేషన్ తెచ్చుకుని అమలు చేస్తుంది. ఎవరైనా చేత్తో ఫైలు మార్చినా అరగంటలో అది పాత స్థితికి వస్తుంది. వందల సర్వర్లున్నచోట ఇది పెద్ద వెసులుబాటు. బదులుగా కేంద్ర సర్వర్‌ను, సర్టిఫికెట్లను, ఏజెంట్ వెర్షన్లను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

ఆన్సిబుల్ నెట్టే పద్ధతిది. సర్వర్‌లో ఏజెంట్ ఉండదు. ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. నడిపేవారి కంప్యూటర్ నుంచి మాడ్యూల్ కోడ్ సర్వర్‌కు వెళ్లి, అక్కడి పైథాన్‌లో నడిచి, ఫలితాన్ని జేసన్ రూపంలో తిప్పిపంపుతుంది. ఒకటి నుంచి కొన్ని పదుల సర్వర్ల వరకు ఇదే తేలిక. లోటల్లా ఒకటే: ఎవరూ నడపకపోతే ఏదీ సరికాదు.

సాల్ట్‌లో ఏజెంట్‌ను మినియన్ అంటారు. అది మాస్టర్‌లోని 4505, 4506 పోర్టులకు తానే కనెక్షన్ పెట్టుకుని ఆదేశాల కోసం కాచుకుని ఉంటుంది. అందుకే వేల సర్వర్లకు క్షణాల్లో ఆదేశం చేరుతుంది. 2020 ఏప్రిల్ చివర సీవీఈ-2020-11651, సీవీఈ-2020-11652 అనే లోపాలు బయటపడినప్పుడు ఆ వేగమే శాపమైంది. మాస్టర్ పోర్టును చేరగలిగిన ఎవరైనా, గుర్తింపు లేకుండానే, దాని కింద ఉన్న అన్ని సర్వర్ల మీదా రూట్ (సర్వర్‌లో సర్వాధికారి యూజర్) అధికారంతో ఆదేశాలు నడపగలిగే పరిస్థితి. ప్యాచ్ వచ్చిన కొద్ది రోజులకే లీనియేజ్‌ఓఎస్ (ఆండ్రాయిడ్ ఆధారిత ఫోన్ ఓఎస్), ఘోస్ట్ (బ్లాగింగ్ వేదిక) సర్వర్లలోకి చొరబాట్లు జరిగాయి. కేంద్రం ఉన్న ప్రతి సాధనానికీ ఇది వర్తిస్తుంది: ఆ పోర్టులు ఇంటర్నెట్‌కు కనబడకూడదు. ఆన్సిబుల్‌కు కేంద్రం లేదు కదా అనుకోవడమూ పొరపాటే. అన్ని సర్వర్ల తాళాలూ ఉన్న ల్యాప్‌టాపే అక్కడ కేంద్రం.

మొదటి కనెక్షన్ దగ్గరి చిక్కులు

టెరాఫామ్ లాంటి సాధనం మెషీన్‌ను తెచ్చిపెడుతుంది, క్లౌడ్-ఇనిట్ మొదటి బూట్‌లో యూజర్‌నూ ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కీనీ పెడుతుంది, మిగతాది ఆన్సిబుల్ వంతు. ఈ చేతులు మారే చోటే ఎక్కువ వైఫల్యాలు కనిపిస్తాయి.

ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు తెరుచుకున్నంత మాత్రాన సర్వర్ సిద్ధమైనట్టు కాదు. డెబియన్, ఉబుంటు ఇమేజ్‌లలో మొదటి కొన్ని నిమిషాలు క్లౌడ్-ఇనిట్, ఆటోమేటిక్ అప్‌డేట్లు డీపీకేజీ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం) లాక్‌ను పట్టుకుని ఉంటాయి. అప్పుడు నడిచిన ఏపీటీ (ప్యాకేజీలు పెట్టే మాడ్యూల్) టాస్క్ లాక్ దొరకలేదంటూ ఆగిపోతుంది. ఆ మాడ్యూల్ డిఫాల్ట్‌గా 60 సెకన్లే వేచి చూస్తుంది. మొదట ‘వెయిట్_ఫర్_కనెక్షన్’, ఆ తర్వాత క్లౌడ్-ఇనిట్ స్టేటస్‌ను వెయిట్ ఆప్షన్‌తో అడిగే టాస్క్, ఏపీటీకి 300 సెకన్ల లాక్ టైమౌట్ పెడితే ఈ బెడద దాదాపు పోతుంది. సర్వర్ ఫ్యాక్ట్స్ (ఓఎస్, ఐపీ లాంటి వివరాలు) సేకరించే పని కనెక్షన్ కుదరకముందే మొదలవుతుంది కాబట్టి, ఆ ప్లేలో దాన్ని ఆపి తర్వాత విడిగా చేయించాలి.

రెండో చిక్కు హోస్ట్ కీ, అంటే సర్వర్ తానెవరో రుజువు చేసుకునే కీ. సర్వర్‌ను చెరిపి అదే ఐపీ మీద మళ్లీ కట్టినప్పుడు దాని హోస్ట్ కీ మారుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ గట్టిగా హెచ్చరించి ఆపేస్తుంది. విసుగెత్తి హోస్ట్ కీ తనిఖీని మొత్తంగా ఆపేయడం చాలా చోట్ల కనిపించే ‘పరిష్కారం’. దాంతో మధ్యలో ఇంకెవరైనా సర్వర్‌లా నటించినా తెలియదు. పాత కీని ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ క్యాపిటల్ ఆర్ ఆప్షన్‌తో తొలగించి, కొత్త కీ ఫింగర్‌ప్రింట్‌ను (దాని సంక్షిప్త గుర్తును) ప్రొవైడర్ కన్సోల్ లాగ్‌లో చూసి పోల్చుకోవాలి. క్లౌడ్-ఇనిట్ దాన్ని అక్కడ ముద్రిస్తుంది. మొదటిసారి కొత్త కీని అంగీకరించి, తర్వాత మారితే మాత్రం ఆపే ‘యాక్సెప్ట్-న్యూ’ అనే మధ్యేమార్గం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.6 నుంచి ఉంది.

కూర్చున్న కొమ్మ మీద రంపం

ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులు మార్చడమంటే కూర్చున్న కొమ్మను కోసుకోవడమే. చేత్తో చేసేటప్పుడు మనిషి ఇంకో టెర్మినల్ తెరిచి చూసుకుంటాడు. ప్లేబుక్‌కు ఆ జాగ్రత్త రాసిపెడితే తప్ప తెలియదు. కాబట్టి ఇక్కడ వరుస క్రమం ముఖ్యం.

మొదట అడ్మిన్ యూజర్. యూజర్ మాడ్యూల్‌లో గ్రూపులు చెప్పి ‘అపెండ్’ పెట్టకపోతే, జాబితాలో లేని గ్రూపుల నుంచి ఆ యూజర్‌ను తీసేస్తుంది. సుడో (రూట్ అధికారంతో ఆదేశాలు నడిపే అనుమతి) గ్రూపు ఇలాగే చేజారుతుంది. ఆ అనుమతులుండే సుడోయర్స్ ఫైలు రాసే టాస్కుకు ‘వ్యాలిడేట్’ కింద వైసుడో తనిఖీ తప్పనిసరి. అందులో ఒక్క అక్షరం తప్పైనా సుడో మొత్తం మూగబోవచ్చు.

తర్వాత పబ్లిక్ కీ. ఆథరైజ్‌డ్_కీ మాడ్యూల్‌కు ‘ఎక్స్‌క్లూజివ్’ అనే ఆప్షన్ ఉంది. ఇచ్చినది తప్ప మిగతా కీలన్నీ తీసేస్తుంది. దాన్ని లూప్‌లో పెడితే ప్రతి చుట్టులోనూ ముందు పెట్టిన కీ పోయి చివరికి ఒక్కటే మిగులుతుంది. కీలన్నీ ఒకే టాస్కులో, లైనుకొకటిగా ఇవ్వాలి.

ఆపై ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్‌లో లాగిన్‌లను స్వీకరించే ప్రోగ్రాం) కాన్ఫిగ్. ‘పాస్‌వర్డ్ లాగిన్ ఆపేశాం, అయినా పాస్‌వర్డ్ పని చేస్తోంది’ అనే ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఒకే సెట్టింగ్ రెండుసార్లు కనిపిస్తే మొదటిదాన్నే తీసుకుంటుంది. డెబియన్, ఉబుంటులలో ప్రధాన ఫైలు పైభాగంలోనే ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ డైరెక్టరీని చేర్చుకునే లైను ఉంటుంది. చాలా క్లౌడ్ ఇమేజ్‌లలో ఆ డైరెక్టరీలో 50 అంకెతో మొదలయ్యే క్లౌడ్-ఇనిట్ ఫైలు ఉంటుంది, పాస్‌వర్డ్ లాగిన్‌కు ‘ఎస్’ (yes) అని చెప్పేది అదే కావచ్చు. ప్రధాన ఫైలులో ఎంత దిద్దినా దాని తర్వాతే లెక్క. కనుక ప్రధాన ఫైలు జోలికి పోకుండా, 10 అంకెతో మొదలయ్యే సొంత ఫైలును ఆ డైరెక్టరీలో పెట్టడం మేలు. చివరికి ఏది అమల్లో ఉందో ఎస్‌ఎస్‌హెచ్‌డీని క్యాపిటల్ టీ ఆప్షన్‌తో నడిపితే చెబుతుంది. ఆ జవాబును ప్లేబుక్‌లోనే ఒక అసర్ట్ టాస్కుతో సరిచూడవచ్చు.

పోర్టు మార్చేటట్లయితే ఇంకో రెండు విషయాలు. ఉబుంటు 22.10 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ పోర్టును సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) సాకెట్ పట్టుకుని ఉంటుంది. 24.04లో కాన్ఫిగ్ మార్చాక డీమన్-రీలోడ్ చేసి, సాకెట్‌ను రీస్టార్ట్ చేస్తేనే కొత్త పోర్టు తెరుచుకుంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలోనైతే భద్రతా పొర అయిన ఎస్‌ఈలైనక్స్‌కు కొత్త పోర్టు ఎస్‌ఎస్‌హెచ్‌దని చెప్పకపోతే సర్వీసు లేవదు. ఫైర్‌వాల్‌లో కొత్త పోర్టును ముందే తెరవాలి. యూఎఫ్‌డబ్ల్యూను ఆన్ చేసే టాస్క్ అనుమతుల టాస్క్ తర్వాతే రావాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఒక మాయ మిగిలి ఉంటుంది. ఆన్సిబుల్ వేగం కోసం ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్‌ను డిఫాల్ట్‌గా 60 సెకన్లు తెరిచి ఉంచి, తర్వాతి టాస్కులను దాని మీదే పంపుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ రీస్టార్ట్ అయినా పాత సెషన్లు తెగవు. కాబట్టి కొత్త కాన్ఫిగ్‌తో లోపలికి రావడం అసాధ్యమైపోయినా మిగతా టాస్కులన్నీ పాత కనెక్షన్ మీద పచ్చగా పూర్తవుతాయి. తలుపు మూసుకుపోయిన సంగతి మరుసటి పరుగులోనే తెలుస్తుంది. దీనికి మందు: కాన్ఫిగ్ మార్చిన వెంటనే హ్యాండ్లర్లను (మార్పు జరిగితే సర్వీసును రీస్టార్ట్ చేసే టాస్కులను) ఫ్లష్ చేసి, అంటే అప్పటికప్పుడే నడిపించి, ‘రీసెట్_కనెక్షన్’తో పాత కనెక్షన్‌ను తెంచి, కొత్త యూజర్‌తో, కొత్త పోర్టులో ఒక పింగ్ టాస్క్ నడపడం. అది నెగ్గాకే రూట్ లాగిన్‌ను ఆపడం, పాత పోర్టు 22ను మూయడం. అయినా లోపలికి వెళ్లలేకపోతే ప్రొవైడర్ ఇచ్చే వెబ్ కన్సోల్ ఒక్కటే దారి. అది పని చేస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

ఇక్కడ రెండో పరుగు ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. రూట్‌గా కనెక్టయి రూట్ లాగిన్‌ను ఆపే ప్లేబుక్ ఇంకోసారి నడవనే నడవదు. అందుకే అనుభవజ్ఞులు దాన్ని రెండుగా విడదీస్తారు: ఒకేసారి నడిచే బూట్‌స్ట్రాప్, ఎన్నిసార్లైనా నడిచే ప్రధాన ప్లేబుక్. క్లౌడ్-ఇనిట్ అందుబాటులో ఉంటే యూజర్‌ను అక్కడే సృష్టించి బూట్‌స్ట్రాప్ అవసరమే లేకుండా చేయడం ఇంకా శుభ్రమైన పద్ధతి.

సగంలో ఆగితే

కాన్ఫిగ్ ఫైలు మారినప్పుడు మాత్రమే సర్వీసును రీస్టార్ట్ చేసేవి హ్యాండ్లర్లు. అవి ప్లే చివర, ఒక్కొక్కటి ఒక్కసారే, నిర్వచించిన వరుసలో నడుస్తాయి. ఈ పద్ధతిలో ఒక గుంట ఉంది. మూడో టాస్క్ వెబ్ సర్వర్ కాన్ఫిగ్‌ను మార్చి హ్యాండ్లర్‌కు కబురు పెట్టింది. ఏడో టాస్క్ విఫలమై ఆ సర్వర్‌లో పరుగు ఆగింది. హ్యాండ్లర్ నడవలేదు. లోపాన్ని సరిచేసి మళ్లీ నడిపితే, ఫైలు ఇప్పటికే సరిగ్గా ఉన్నందున మూడో టాస్క్ ‘ఓకే’ అంటుంది, కబురు వెళ్లదు. పరుగు విజయవంతం, సర్వీసు మాత్రం పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తూ ఉంటుంది. ‘ఫోర్స్_హ్యాండ్లర్స్’ పెట్టడం, లేదా కీలకమైన మార్పు పక్కనే హ్యాండ్లర్లను ఫ్లష్ చేయడం దీనికి విరుగుడు.

చెక్ మోడ్‌ను (ఏమీ మార్చకుండా ఏం మారబోతోందో చూపే పద్ధతి) కూడా అతిగా నమ్మకూడదు. డిఫ్‌తో కలిపి వాడితే ఏ ఫైలులో ఏ లైను మారబోతోందో చక్కగా చూపిస్తుంది, నిజమే. కానీ అందులో షెల్, కమాండ్ టాస్కులు నడవవు, వాటి జవాబు మీద ఆధారపడ్డ టాస్కులు తడబడతాయి. ఖాళీ సర్వర్ మీదైతే, ఇంకా ఇన్‌స్టాల్ కాని ప్యాకేజీ సర్వీసును మొదలుపెట్టబోయి విఫలమవుతుంది. నడుస్తున్న సర్వర్‌లో చిన్న మార్పులను సరిచూసుకోవడానికి మాత్రమే అది అక్కరకొస్తుంది.

ఎక్కువ సర్వర్లుంటే ‘సీరియల్’తో విడతలుగా నడపాలి: ముందు 1, తర్వాత 5, ఆపై మిగతావి. తప్పు కాన్ఫిగ్‌ను అన్నిటికీ ఒకేసారి చేర్చడంలో ఈ సాధనాలను మించినవి లేవు.

చిన్నవే అయినా గంటలు తినేసే లోపాలు మరో రెండు. ఫైలు మోడ్‌ను కొటేషన్లు లేకుండా 644 అని రాస్తే యామల్ దాన్ని దశాంశ సంఖ్యగా చదువుతుంది. అష్టాంశంలో అది 1204 అవుతుంది, ఫైలు యజమానికే చదివే హక్కు పోతుంది. ‘0644’ అని కొటేషన్లలో రాయాలి. అలాగే పోస్ట్‌గ్రెస్ వంటి సాధారణ యూజర్‌గా మారి నడిపే టాస్కులు తాత్కాలిక ఫైళ్ల అనుమతుల దగ్గర ఆగిపోతుంటాయి. సర్వర్‌లో ఏసీఎల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే సాధారణంగా సరిపోతుంది.

రహస్యాలు

డేటాబేస్ పాస్‌వర్డ్‌లను గిట్‌లో మామూలుగా పెట్టలేం. ఆన్సిబుల్ వాల్ట్ వాటిని ఏఈఎస్-256తో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఆ రక్షణ ఫైలు డిస్క్ మీద ఉన్నంత సేపే. నడిచేటప్పుడు డిఫ్ మోడ్ గానీ, ఎక్కువ వివరాలిచ్చే లాగ్ గానీ అదే పాస్‌వర్డ్‌ను తెర మీదా, సీఐ (కోడ్‌ను ఆటోమేటిక్‌గా పరీక్షించి నడిపే వ్యవస్థ) రికార్డులోనూ బయటపెట్టవచ్చు. అలాంటి టాస్కులకు ‘నో_లాగ్’ పెట్టాలి. వాల్ట్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును అదే రిపాజిటరీలో పెడితే ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రయోజనం ఉండదని వేరే చెప్పనక్కర్లేదు.

వెర్షన్లు, యాజమాన్యాలు

నిరుడు నడిచిన ప్లేబుక్ ఈసారి మొరాయించడానికి ముఖ్య కారణం కంట్రోల్ మెషీన్‌లో (ప్లేబుక్‌లు నడిపే కంప్యూటర్‌లో) ఆన్సిబుల్ తాజా వెర్షన్‌కు మారడం. 2024లో వచ్చిన ఆన్సిబుల్-కోర్ 2.17 నుంచి, నిర్వహించే సర్వర్లలో పైథాన్ 3.6కు మద్దతు లేదు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8లో సిస్టమ్ పైథాన్ సరిగ్గా 3.6. అక్కడ కొత్త పైథాన్ ఇన్‌స్టాల్ చేసినా డీఎన్ఎఫ్ (అక్కడి ప్యాకేజీ సాధనం) లైబ్రరీలు 3.6కే కట్టి ఉన్నందున ప్యాకేజీ టాస్కులు విఫలమవుతాయి. అలాంటి సర్వర్లున్నంత కాలం 2.16 దగ్గర ఆగడం తప్ప తేలికైన మార్గం లేదు. 2020లో వచ్చిన 2.10 నుంచి చాలా మాడ్యూళ్లు కలెక్షన్లలోకి (విడిగా ఇన్‌స్టాల్ చేసే మూటల్లోకి) విడిపోయాయి. కోర్ ఒక్కటే ఇన్‌స్టాల్ చేస్తే యూఎఫ్‌డబ్ల్యూ, ఆథరైజ్‌డ్_కీ మాడ్యూళ్లు దొరకవు.

యాజమాన్యాల మార్పులూ వాడకందార్లను అయోమయంలో పడేస్తున్నాయి. ఆన్సిబుల్‌ను 2015లో రెడ్‌హ్యాట్ కొంది. షెఫ్ 2020లో ప్రోగ్రెస్‌కు, పప్పెట్ 2022లో పర్‌ఫోర్స్‌కు చేరాయి. 2020లో వీఎంవేర్ కొన్న సాల్ట్, 2023లో ఆ సంస్థతోపాటే బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లింది. పప్పెట్ ప్యాకేజీలను ఇకపై అందరికీ తెరిచిన చోట ఉంచబోమని పర్‌ఫోర్స్ 2024 చివర్లో ప్రకటించడంతో, వాక్స్ పుపులి అనే పప్పెట్ వాడకందార్ల సముదాయం 2025 మొదట్లో ఓపెన్‌వాక్స్ పేరుతో వేరు కుంపటి పెట్టింది. పాత పప్పెట్ కోడ్ అందులోనూ నడుస్తుంది కాబట్టి ఇప్పుడున్న వాడకందార్లకు తక్షణం మారేవి ప్యాకేజీలు తెచ్చుకునే రిపాజిటరీ చిరునామా, ప్యాకేజీల పేర్లే.

ఒక సాధనం నుంచి ఇంకో సాధనానికి మారడం మాత్రం ఖరీదైన పనే. పప్పెట్‌కు సొంత భాష, షెఫ్‌కు రూబీ, ఆన్సిబుల్, సాల్ట్‌లకు యామల్, జింజా (టెంప్లేట్ భాష). వీటి మధ్య నేరుగా మార్చిపెట్టే నమ్మకమైన దారి లేదు. టెంప్లేట్లలోని కాన్ఫిగ్ ఫైళ్ల పాఠం, వేరియబుల్స్ జాబితా పెద్ద మార్పులు లేకుండా వెంట వస్తాయి, మిగతాది తిరగరాయాల్సిందే. సాధనం మారకపోయినా వెర్షన్ జారిపోకుండా ఉండాలంటే, ఆన్సిబుల్-కోర్‌ను ప్రాజెక్టుకొక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి, దాని వెర్షన్‌నూ ప్రతి కలెక్షన్ వెర్షన్‌నూ ప్లేబుక్ ఉన్న గిట్ రిపాజిటరీలోనే రిక్వైర్‌మెంట్స్ ఫైళ్లలో కచ్చితంగా రాసి ఉంచాలి. వెర్షన్ పెంచాల్సి వచ్చినప్పుడు దాన్ని విడి కమిట్‌గా చేసి, ముందు పారేయదగ్గ ఒక వర్చువల్ మెషీన్ మీద నడిపి చూడాలి.